పాత పునాది మించకుండా

మా మావయ్య శౌరయ్యగారు కొండపల్లి థర్మల్ స్టేషన్లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన చేతికింద పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు, పర్మిట్ కాగితం మీద సంతకం పడందే ఒక్క బోల్టు విప్పనిచ్చేవారు కాదని. ఎంత పెద్ద ఇంజనీరు ఫోన్ చేసి తొందరపెట్టినా "కాగితం రానివ్వండి సార్" అని కుర్చీలో వెనక్కి వాలి కూర్చునేవారట. అంతటి మనిషి తన సొంతిల్లు మాత్రం ఏ కాగితమూ చేతికి రాకుండానే నేలమట్టం చేశారు. తొంభైతొమ్మిది వేసవిలో మా ఇంట్లో జరిగిన భాగోతమంతా దాంతోనే మొదలైంది.

ఆ ఇల్లు బందరు అవతల, మంగినపూడి దాటాక, సముద్రం ఒడ్డున ఉండేది. ఉద్యోగంలో ఉన్నప్పుడే మావయ్య స్థలంతో సహా కొనుక్కున్నారు. మేమంతా ఉండేది బెజవాడలో, పటమటలో అద్దెకి. సెలవులొస్తే మాత్రం అందరం బస్సెక్కి అక్కడికి పోయేవాళ్ళం. పెంకుటిల్లు, ముందు పెద్ద వరండా, సముద్రం వైపు ముఖం. ఇంటి వెనకాల కాస్త ఎడంగా, విడిగా, వంటిల్లు. ఆ ఒడ్డున పాత ఇళ్ళన్నీ అంతే. గాలికి నిప్పురవ్వలు లేస్తాయని వంటిల్లు ఇంటికి కలిపేవాళ్ళు కాదు. పొయ్యి నిలవదని సముద్రం వైపు గోడకి చిన్న కంత కూడా ఉంచేవాళ్ళు కాదు.

ఇల్లు మావయ్యది, వంటిల్లు మా అత్తమ్మ తెరేసమ్మది. అలాగని ఎవరూ రాసుకోలేదు గానీ నేను కాపురానికి వచ్చేసరికే పంపకాలు అయిపోయి ఉన్నాయి. మావయ్య వరండాలో పడక్కుర్చీ వేసుకుని దారినపోయే వలలవాళ్ళని పిలిచి మరీ కబుర్లు చెప్పేవారు. అత్తమ్మ వెనకాల వండి, కంచం మీద మూత పెట్టి, వాకిలి దాటి, ఇల్లంతా దాటి, వరండాలోకి తెచ్చి ఇచ్చేది. ఆయన తిన్నాక ఖాళీ కంచంతో మళ్ళీ అదే దారిన వెనక్కి. ఆయన ఆ వంటింటి గుమ్మం తొక్కగా నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటకొస్తే ఆవిడ వరండాలో కూర్చోగా కూడా చూడలేదు.

రిటైరయ్యాక ఆ పెంకుటిల్లు తీసేసి మేడ కట్టాలి, మేడమీద గదిలో మంచం సముద్రం వైపు వేయాలి, పొద్దున కళ్ళు తెరిచేసరికి నీళ్ళలోంచి సూర్యుడు లేస్తూ కనిపించాలి. ఇదీ మావయ్య కోరిక. జాన్ పాల్, అంటే మా ఆయన, ఈ మేడ కబుర్లు వింటూనే పెరిగి పెద్దవాడయ్యాడు. ఉద్యోగమంతా బాయిలర్ వేడిలో, బొగ్గు పొడిలో గడిపిన మనిషి అడిగింది కాస్త గాలి, కాస్త నీళ్ళు. నాకైతే అందులో తప్పేమీ కనపడలేదు. ఆయన ఆ మంచం గురించి చెప్తుంటే నాకే వెళ్ళి పడుకోవాలనిపించేది.

ప్లాను గీయించారు, పంచాయతీలో దరఖాస్తు పడేశారు. అక్కడి గుమాస్తా, సముద్రం ఒడ్డున కట్టడాలకి రూల్సు మారాయి, పైనుంచి మాట వచ్చేదాకా ఆగండి అన్నాడట. అప్పుడు తపస్సుకాలం నడుస్తోంది. ఈస్టరు వెళ్ళేదాకా మేం ఎలాగూ శుభకార్యాలు పెట్టుకోం కాబట్టి ఈయన కూడా బుద్ధిగా ఆగారు. ఈస్టరు వెళ్ళగానే పిడుగులాంటి కబురు తెలిసింది, మా చర్చి విచారణ ఫాదర్ గారికి బదిలీ అయిందని. ఆ ఫాదర్ గారంటే మావయ్యకి ప్రాణం. పునాది రాయి పడితే ఆయన చేతుల మీదుగానే పడాలి. ఫాదర్ గారేమో ఉండేది ఇంకో వారమే.

మరి పాత ఇల్లు నెత్తిమీద నిలబడి ఉండగా కొత్త రాయి ఎక్కడ వేస్తారు? నేల ఖాళీ చేయాలిగా. ఇదీ ఆయన లెక్క. జాన్ పాల్ నోరు తెరిచి, కాగితం రానివ్వండి నాన్నా అన్నాడు, అచ్చం ఆయన మాటే ఆయనకి అప్పజెప్తూ. మావయ్య ఒంటికాలి మీద లేచారు.

"నేను కొనుక్కున్న స్థలం, నా ఇల్లు. నా ఇల్లు నేను పడగొట్టుకోడానికి ఒకడి పర్మిషనేంట్రా?"

నేను టీచరుని, స్కూలుకి సెలవులు. కాబట్టి ఆ వారమంతా అత్తమ్మకి సాయంగా నేనక్కడే ఉన్నాను. ఏసుపాదం మేస్త్రీ మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. పెంకులు దింపారు, దూలాలు దింపారు, గోడలు పడుతుంటే తెల్లటి సున్నం దుమ్ము సముద్రం గాలికి మా మొహాల మీదకే వచ్చింది. మావయ్య తలకి తువ్వాలు చుట్టుకుని పెళ్ళికొడుకులా తిరిగారు. ఇంటి పని అయిపోయి గడ్డపలుగులు వంటింటి వైపు తిరిగేసరికి అత్తమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

కొత్త ప్లానులో వంటగది ఇంట్లోనే ఉంది, నాపరాయి గట్టుతో సహా, నీకింక ఎండలో వానలో అటూఇటూ తిరిగే బాధ ఉండదు, లే, అని మావయ్య నచ్చజెప్పారు. అత్తమ్మ వినలేదు. ఇంతమంది పనివాళ్ళకి అన్నం ఎక్కడ ఉడకేయాలి, మీ ప్లాను కాగితం మీదా అంది. మావయ్య గొంతు పెంచారు. ఆవిడ పెంచలేదు, లేవనూ లేదు. ఏసుపాదం మేస్త్రీకేమో ఆవిడ పెట్టే చేపల పులుసు మీద మక్కువ. ముందు పునాదులు కానివ్వండయ్యగారూ, ఇది చివర్న చూసుకుందాం అని మెల్లగా జారుకున్నాడు. ఆ రోజు మావయ్య భోజనం కూడా సరిగ్గా చేయలేదు. ఆవిడకి అందులో ముందుచూపు ఉందని నేను చెప్పను. పొయ్యి వదిలి వెళ్ళడం ఇష్టంలేక కూర్చుంది, అంతే.

ఫాదర్ గారొచ్చారు, ప్రార్థన చేసి తీర్థం చల్లారు, పునాది రాయి వేశారు. పల్లెలోవాళ్ళందరికీ బూందీ పంచాం. మావయ్య కళ్ళు తుడుచుకుంటే జాన్ పాల్ నాకు మోచేత్తో పొడిచి చూపించాడు.

పునాది కందకాలు సగం తవ్వారో లేదో, ఒకరోజు మధ్యాహ్నం ఇంజనీరొకాయన స్కూటరు మీద దిగాడు. పేరు వెంకటసుబ్బారావుగారు. సన్నగా, నెమ్మదిగా, ఎవరినీ నొప్పించలేని రకం. పాపం, ఆయన మొహం చూస్తేనే చేదు కబురు తెచ్చాడని తెలిసిపోయింది. పోటు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూసి అక్కణ్ణుంచి టేపు పట్టించుకుంటూ వచ్చాడు. వచ్చి, తుమ్మచెట్టు నీడన నిలబడి, ఇంత దగ్గర్లో కొత్తగా ఏదీ కట్టడానికి వీల్లేదండీ అన్నాడు. చట్టం వచ్చి చాలా ఏళ్ళయిందట. ముందునుంచి ఉన్న ఇల్లయితే పాత పునాది మించకుండా, ఎత్తు పెంచకుండా బాగుచేసుకోవచ్చు. లేని చోట మాత్రం గుడిసె కూడా వేయకూడదు.

"ముందునుంచి ఉన్నదేనండీ, మా ఇల్లు. ఎవర్నయినా అడగండి," అన్నారు మావయ్య.

"ఏదండీ?"

మావయ్య చెయ్యెత్తి చూపించారు. ఒక పక్క ఇటుకల గుట్ట, ఇంకో పక్క వరసగా పేర్చిన పెంకులు, తాటి దూలాలు, గోడకి ఆనించడానికి గోడ లేక నేలమీద పడుకోబెట్టిన తలుపులు. "అన్నీ ఉన్నాయండీ. ఒక్క ఇటుక బయటికి పోలేదు."

వెంకటసుబ్బారావుగారు చాలాసేపు అటే చూశాడు. "ఇది సామానండీ, ఇల్లు కాదు," అన్నాడు చివరికి. "మొన్న నిలబడి ఉన్నప్పుడు నన్ను పిలిచి ఉంటే, ఇదే ఇల్లు మీరు పునాది నుంచి పెంకుదాకా బాగుచేసుకోడానికి నేను రాసిచ్చేవాణ్ణి."

మావయ్య కందకం అంచున అలాగే కూర్చుండిపోయారు. పర్మిట్ లేనిదే బోల్టు విప్పని మనిషి కదా, ఎదుటివాడు చెప్పింది న్యాయమో కాదో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. తిట్టుకోడానికైనా ఎవరో ఒకరు ఉంటే బాగుండును.

అప్పుడే అత్తమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకుని వెనకనుంచి వచ్చింది. ఇంజనీరుగారు గ్లాసు అందుకుని, ఆవిడ వచ్చిన వైపు తొంగి చూసి, ఆ పెంకుల కట్టడం ఏంటని అడిగాడు. మా వంటిల్లండీ, ఇంటితోపాటే కట్టింది అంది అత్తమ్మ. ఆయన మజ్జిగ తాగడం కూడా ఆపి, టేపు తీసుకుని వెళ్ళి దానిచుట్టూ కొలిచాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ మొహంలో కాస్త వెలుగు కనిపించింది.

"దీనికైతే ఇవ్వగలనండీ. గోడలు గట్టి చేసుకోండి, పెంకులు మార్చుకోండి, తలుపులూ కిటికీలూ మీ ఇష్టం. దీని పునాది మాత్రం దాటకండి."

"వంటింట్లో ఉండమంటారా నన్ను?" అన్నారు మావయ్య. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తర్వాత చాలా రోజులు మావయ్య బందరు ఆఫీసులకీ, బెజవాడ ఆఫీసులకీ కాళ్ళరిగేలా తిరిగారు. ఎక్కడికెళ్ళినా ఆ ఇంజనీరు చెప్పిందే ఇంకాస్త విసురుగా చెప్పారు. చివరికి తిరగడం మానేసి పటమట ఇంట్లో హాల్లో ఫ్యాను కింద కూర్చున్నారు. టీవీ పెడితే చూసేవారు, కట్టేస్తే ఆ ఖాళీ తెర వైపు చూసేవారు. మేడ మాట లేదు, మంచం మాట లేదు, సముద్రం మాటే లేదు. జాన్ పాల్ బెంజ్ సర్కిల్ దాకా అలా నడిచొద్దాం రండి నాన్నా అంటే, ఏముందక్కడ, లారీలు, అనేవారు.

ఒకరోజు భోజనాల దగ్గర ఆయనే మెల్లగా చెప్పారు, రొయ్యల చెరువులాయన ఒకడు ఆ స్థలం అడుగుతున్నాడు, ఇచ్చేద్దామనుకుంటున్నాను అని. ఇల్లు కట్టడానికి లేని నేల, పంపుసెట్టు సామాను పడేసుకోడానికట. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ కూర వడ్డిస్తూ, అమ్మేముందు నా గిన్నెలూ సామానూ తెచ్చుకోవాలి, ఏంజెల్ నాతో వస్తుంది, అంది నన్ను చూపిస్తూ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బందరు బస్సెక్కాం. ఉయ్యూరు దాటేదాకా ఆవిడ కిటికీలోంచి చెరుకుతోటలు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, ఏసుపాదం ఇంటి దగ్గరే ఉంటాడంటావా అని అడిగింది. గిన్నెలు మోయడానికి మేస్త్రీ ఎందుకత్తమ్మా అన్నాను. ఆవిడ చీరకొంగు సర్దుకుని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఏసుపాదం ఇంట్లోనే ఉన్నాడు. అత్తమ్మ అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి, సముద్రం వైపు గోడని అరచేత్తో తట్టి, ఇక్కడ పగలగొట్టు అంది. అతను బిత్తరపోయాడు. అమ్మగారూ, ఈ వైపు తెరిస్తే గాలి ఉప్పెనలా వస్తుంది, పొయ్యి నిలవదు, అందుకే కదా పెద్దవాళ్ళు మూసి కట్టింది అన్నాడు. నేనూ అదే అన్నాను. అరిటాకంత వెడల్పు నేలమీద వంట చేసుకోడానికి ఆవిడ ఒకప్పుడు మొగుడితో, మేస్త్రీతో, గడ్డపలుగులతో తలపడిందాయె. ఇప్పుడు చేతులారా తనే చెడగొట్టుకుంటుందేమిటి?

"పొయ్యి ఎక్కడైనా పెట్టుకుంటానే," అంది అత్తమ్మ. "సముద్రాన్ని జరపలేం కదా."

ఏసుపాదం పాత ఇంటి సామాన్లోంచే ఒక పెద్ద కిటికీ ఏరుకొచ్చి బిగించాడు. ముందున్న ఇల్లు ఇప్పుడు లేదు. వంటింటికీ సముద్రానికీ మధ్య ఇంకేమీ లేదు. గోడ తెరుచుకున్న నిమిషంలోనే గాలి లోపలికి దూసుకొచ్చి, ఉట్టిమీద గిన్నెల్ని దొర్లించి, ఏళ్ళ తరబడి పట్టిన మసినంతా నా నెత్తిన పోసింది. అత్తమ్మ నన్ను చూసి కడుపుబ్బా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా చూడటం నాకదే మొదలు. ఇద్దరం సున్నం వేశాం, కిటికీ పక్కన నులకమంచం వేశాం. పొయ్యిని గుమ్మం బయటికి, పడమటి గోడ చాటుకి మార్చింది. ఎండలో చెమటలు కక్కుతూ అక్కడే వండటం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నాచేత బందరు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేయించింది. సామాను మోయడానికి మనిషి కావాలి, మిమ్మల్ని రమ్మంది అని మావయ్యకి చెప్పమంది. కిటికీ ఊసు ఎత్తావంటే ఊరుకోను అని కూడా అంది. చెప్పాను. ఆయన సరే అన్నారు.

మావయ్య, జాన్ పాల్ ఆటో దిగేసరికి మేం లోపల ఉన్నాం. మావయ్య వంటింటి వెనక దారిలోనే నిలబడి, తన ఇల్లు ఉండాల్సిన చోట కాసేపు చూసుకున్నారు. మొహం వాడిపోయి ఉంది. తర్వాత వంటింటి పక్కకి వచ్చి, ఎప్పట్లాగే గుమ్మానికి ఇవతలే ఆగి, లోపలికి వినపడేలా అడిగారు.

"కాసిని మంచినీళ్ళు."

నేను లేవబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "చేతులు ఖాళీ లేవండీ," అంది. ఆ చేతుల్లో ఏమీ లేదని నేను చూస్తూనే ఉన్నాను. "లోపలికొచ్చి తాగండి."

కాసేపటికి మావయ్య చెప్పులు విడిచారు. ఆ గుమ్మం పొట్టిది, ఆయన పొడుగు. తల వంచుకుని లోపలికి వచ్చారు. వచ్చి నడుం ఎత్తేసరికి ఎదురుగా కిటికీ, కిటికీ నిండా సముద్రం.

ఏమంటారోనని నేను ఆయన్నే చూశాను. ఆయన సముద్రాన్ని చూశారు, నులకమంచాన్ని చూశారు, పొయ్యి ఉండాల్సిన మూలలో కొత్త సున్నాన్ని చూశారు. అటూ ఇటూ వెతికి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు.

"కుండ ఎక్కడుంటుంది తెరేసా?"

ఆవిడ చూపించింది. ఆయన తనే ముంచుకుని తాగారు.

రొయ్యలాయనకి మళ్ళీ కబురు పోలేదు. నైరుతి వానలు పడేదాకా వాళ్ళిద్దరూ అక్కడే ఉండిపోయారు, ఆ ఒక్క గదిలో. కూర్చోవాలన్నా అదే, పడుకోవాలన్నా అదే, తినాలన్నా అదే. మేం ఆదివారం పూజ కాగానే బెజవాడ నుంచి వెళ్ళేవాళ్ళం. మొదట్లో ఆయన మోకాళ్ళు గూట్లో డబ్బాలకి కొట్టుకునేవి, ఈవిడ గొణుక్కునేది, ఆయన అరిచేవారు. రెండు ఎద్దుల్ని ఒక గాటికి కట్టేసినట్టే ఉండేది. ఇదెక్కడికి పోతుందోనని జాన్ పాల్, నేను దారిపొడుగునా బెంగపడేవాళ్ళం. వెళ్ళిన ప్రతిసారీ అరుపులు కాస్త తగ్గేవి. ఒకసారి వెళ్ళేసరికి మావయ్య అన్నం వారుస్తూ కనిపించారు. చెయ్యి కాల్చుకున్నారనుకోండి, అది వేరే సంగతి. బాయిలర్లు నడిపిన ఆయనకి గంజి వార్చడం రాలేదని అత్తమ్మ పల్లెంతా చెప్పుకుని మురిసిపోయింది. దాంతో పటమటలో మా ఆయన చేత కూడా నేను ఉల్లిపాయలు తరిగించడం మొదలుపెట్టాను. ఇప్పటికీ తరుగుతూనే ఉన్నాడు.

తొలకరి పడటానికి ముందు వెళ్ళిన రోజు మాత్రం నాకు బాగా గుర్తు. మబ్బులు పట్టి, సముద్రం బూడిదరంగుకి తిరిగింది. జాన్ పాల్ వలలవాళ్ళ దగ్గర చేపలకి వెళ్ళాడు. నేను బయట పొయ్యి దగ్గర పులుసు చూస్తున్నాను. లోపల వాళ్ళిద్దరూ నేలమీద గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు తుంచుతున్నారు. మావయ్య ఆపకుండా మాట్లాడుతున్నారు. ఒకసారి బాయిలర్లో ట్యూబు పగిలి రాత్రంతా ప్లాంటు గడగడలాడిపోయిన సంగతి, ఒక కుర్రాణ్ణి తను కాలర్ పట్టి వెనక్కి లాగి బతికించిన సంగతి, ఇంటికొచ్చాక చేతులు వణికి చొక్కా గుండీలు విప్పుకోలేకపోయిన సంగతి. అత్తమ్మ గుడ్లప్పగించి వింటోంది. చివరికి ఆకు తుంచడం కూడా మర్చిపోయింది.

"ఇవన్నీ అప్పుడు నాకు చెప్పలేదేంటండీ?" అంది. "ఎవరితో చెప్పుకునేవారు?"

"వరండాలో ఎవరుంటే వాళ్ళతో."

"నేనిక్కడే ఉన్నాగా. ఆ పొయ్యి దగ్గరే."

మావయ్య కిటికీలోంచి అవతలికి, గడ్డి మొలుస్తున్న ఆ ఖాళీ స్థలం వైపు చూశారు.

"ఇల్లు అడ్డం వచ్చింది తెరేసా," అన్నారు.

అత్తమ్మ ఇంకో గోంగూర కట్ట విప్పి, సగం ఆయన ముందు పడేసింది.